రెండో మేకుకి బొమ్మ

నా ప్రాంప్టులంటే తమిళనాడులో మా ధర్మపురి బస్టాండు చుట్టుపక్కల ఫ్లెక్సు షాపుల్లో పేరుంది. ఇది నా గొప్ప నేను చెప్పుకోవడం కాదు. సరే, గొప్ప చెప్పుకోవడమే అనుకోండి, ఏం పోయింది? చెవులు కుట్టే వేడుకకి బ్యానరు కావాలన్నా, ఎద్దుల పరుగుకి పోస్టరు కావాలన్నా "ఆ అక్క చేత రాయించండి" అంటారు. ఏఐ చేత బొమ్మ గీయించాలంటే దానికి మాటల్లో చెప్పాలి. ఆ చెప్పే మాటలే ప్రాంప్టు. మనం చెప్తాం, అది గీస్తుంది, అంతే. ఆ "అంతే"లో ఎంత తంటా ఉందో రెండేళ్లుగా దానితో పోట్లాడుతున్న నన్నడగండి.

మొదట్లో నేనూ బోలెడు తప్పులు చేశాను. ఒకసారి మామిడికాయల మండీ ఆయన బ్యానరు అడిగాడు. కొస వంకర తిరిగి ఉండే కాయల్ని మా వైపు కిళిమూక్కు అంటాం, అంటే చిలక ముక్కు. పుట్టినప్పట్నుంచి వింటున్న మాట కదా, మారు ఆలోచన లేకుండా "చిలక ముక్కు ఉన్న మామిడికాయలు, గంప నిండా" అని రాసేశాను. గంప నిండా వచ్చాయి. ఒక్కో కాయకీ ఎర్రటి ముక్కు, ముక్కు పైన గుండ్రటి కన్ను. అన్నీ కలిసి నన్నే గుడ్లప్పగించి చూస్తున్నాయి. మా ఓనరు పొట్ట పట్టుకుని నవ్వి, ఆ బొమ్మని తనకు తెలిసిన వాళ్లందరికీ పంపాడు. మండీ ఆయన ఇప్పటికీ దారిలో కనిపిస్తే "ఏమ్మా, కాయలు కరవడం మానాయా?" అని అడుగుతాడు.

ఆ దెబ్బతో బుద్ధి వచ్చింది. మనూరికి తెలిసిందంతా దానికి తెలుసనుకోకూడదు. అందమైన, గొప్ప, సంప్రదాయమైన అని రాశామా, అది తనకు నచ్చిందేదో గీసి మన మొహాన కొడుతుంది. ఏ చేతిలో ఏముంది, వెలుతురు ఎటు నుంచి పడుతోంది, నేల ఏ రంగు, ఇవి చెప్పాలి. నాతో పనిచేసే ఆడవాళ్లకి ఇదే నేర్పేదాన్ని, కాస్త గట్టిగానే. "అందంగా అని రాస్తే వేళ్లు విరిచేస్తాను" అనేదాన్ని. నా నోరు మంచిది కాదని నాకు తెలుసు, ఎవరూ చెప్పక్కర్లేదు.

ప్రాంప్టు రాసేది ఇంగ్లీషులో, అది తప్పు గీస్తే తిట్టేది తమిళంలో, లోపల అనుకునేది మా ఇంటి తెలుగులో. ఆ తెలుగుకి అక్షరాలు ఉన్నాయని నాకు బాగా తెలిసింది పెళ్లయ్యాకే. కుప్పం నుంచి వచ్చిన మా అత్తగారు పట్టుబట్టి నా చేత పలక మీద దిద్దించింది. ఆవిడ చలవ వల్లే ఇదంతా ఇలా రాయగలుగుతున్నాను. పుస్తకాల తెలుగు ఆవిడ ఇచ్చింది, మాటల తెలుగు మా అవ్వ ఇచ్చింది. ఈ కథ అవ్వది, అవ్వ తమ్ముడిది.

అవ్వంటే మా అమ్మ తల్లి. ఆమెకు ఒక్కగానొక్క తమ్ముడు ఏరియూరులో సేద్యం చేసుకుంటున్నాడు. నేను తాతా అని పిలుస్తాను. డెబ్బై ఆరేళ్లు, మాట తక్కువ మనిషి. పెళ్లికొచ్చినా చావుకొచ్చినా ఒక మూల కూర్చుని, అన్నం తిని, చెప్పి వెళ్లిపోయే రకం. ఇది కావాలి అని ఆయన ఎవర్నీ అడగగా నేను చూడలేదు. అలాంటి మనిషి ఒక బుధవారం పొద్దున ఏరియూరు బస్సు దిగి, పసుపు గుడ్డ సంచి చంకలో పెట్టుకుని తిన్నగా మా షాపుకొచ్చాడు.

సంచిలోంచి తువ్వాల్లో చుట్టిన ఫోటో తీశాడు. కోర మీసం, తలపాగా. "మా నాయన," అన్నాడు. "మావాడు కొత్త ఇల్లు కట్టినాడు కదా పాపా. హాల్లో గోడకి రెండు మేకులు కొట్టించినాను. ఒగటి నాయనకి. ఇంగొకటి చుమ్మా, ఊరికే ఉండాది."

నాకు అప్పుడే అర్థమైంది. తాతకి ఏడాది నిండిన కొత్తలోనే వాళ్లమ్మ జ్వరంతో పోయింది. ఆవిడకి ఫోటో లేదు. ఆ రోజుల్లో మా మెట్ట ఊళ్లలో ఆడమనిషిని కూర్చోబెట్టి ఫోటో ఎవరు తీశారు గనక? నాయన ఫోటో కూడా ఏదో పని మీద సేలం పోయినప్పుడు తీయించుకున్నదట.

"మా అమ్మ ఎట్లుండెనో ఒగతూరి చూడాల పాపా," అన్నాడు తాత, నన్ను కాకుండా కంప్యూటరు వైపు చూస్తూ. "నువ్వు చెప్తే అది గీస్తాదంట కదా. అమ్మని చూసినోళ్లల్లో మీ అవ్వ ఒగతే మిగిలుండాది. అక్కకి అంతా గుర్తే. చిన్నప్పట్నుంచి నాకు చెప్తానే ఉండాది."

గృహప్రవేశానికి ఇంకా పన్నెండు రోజులుంది. "అరగంట పని తాతా, నువ్వు ఇంటికి పో" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

అవ్వ మా ఇంట్లోనే ఉంటుంది. ఎనభై మూడేళ్లు. చెవులు కొంచెం మందం, నోరు మాత్రం నాకంటే పదును. ఆదివారం మధ్యాహ్నం ల్యాప్‌టాప్ తెచ్చి ఆమె ముందు పెట్టి, "మీ అమ్మ ఎట్లుండె చెప్పు" అన్నాను. "బాగుండె," అంది. "బాగుండె అంటే?" "మహాలక్ష్మి మాదిరి ఉండె." ఇంత నేర్పే నేను, వేళ్లు విరుస్తానని అందరినీ బెదిరించే నేను, అవ్వ మురిపెం చూసి ఆ మాటే రాసేశాను. లక్ష్మీకళ ఉట్టిపడే పల్లెటూరి ఇల్లాలు అని.

వచ్చింది మహాతల్లి. తెల్లగా మెరిసిపోతూ, పాపిట బిళ్ల, వడ్డాణం, వెనక పచ్చటి వరిచేను, కొబ్బరి చెట్లు. అవ్వ కళ్లజోడు సర్దుకుని దగ్గరికి వంగి చూసింది.

"ఇది ఎవుతే?"

"మీ అమ్మే అవ్వా."

"మా అమ్మ ఇంత పౌడరు ఎప్పుడు పూసుకునె? ఈ వడ్డాణం పెట్టుకోని రాగి చేలో కలుపు తీసెనా? మూసెయ్ దాన్ని, సిగ్గులేకుండా నవ్వతా ఉండాది."

సరే, తప్పు నాదే. లెంపలేసుకుని మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఒక్కొక్కటీ విడివిడిగా అడిగాను. "ముక్కు ఎట్లుండె?" "మీ వెల్లిచందై పిన్నమ్మ ముక్కే. పీకి పెట్టినట్లు." "గడ్డం?" "గడ్డం పెన్నాగరం మామది." "కండ్లు?" "కండ్లు హోసూరు పెద్దమ్మవి. కానీ ఆయమ్మ మాదిరి ఉరిమి చూసేది కాదు." "పొడుగా, పొట్టా?" "మీ చెల్లెలంత. అదీ పెండ్లికి ముందర."

మా వాళ్లంతా ఇంతే. బిడ్డ పుడితే పేరుకంటే ముందు ముక్కు ఎవరిదో తేల్చేస్తారు. గుండ్రం, కోల, సన్నం అనే మాటలు మా ఇళ్లలో వంకాయలకే గాని మొహాలకి వాడరు. మనిషి మొహాన్ని ఇంకో మనిషిని చూపించే చెప్తారు, అదీ చుట్టాల్లోంచే. ఎవరికైనా అర్థమవుతుంది కూడా. పాపం ఆ యంత్రానికి వెల్లిచందైలో ఉండే మా పిన్నమ్మతో పరిచయం లేదు కదా.

పరిచయం చేద్దామనుకున్నాను. ఫోటోలు పెట్టి, ఇందులోంచి ముక్కు, అందులోంచి కళ్లు తీసుకో అని చెప్పే వీలు ఒకటుంది. మా చుట్టాల వాట్సప్ గ్రూపులో "అవ్వ చెప్పిన ప్రకారం అందరూ మీ మీ వస్తువులు పంపండి" అని పెట్టాను. ఇక చూడాలి ఆ సంబరం. పిన్నమ్మ ముక్కు ఫోటో అడిగితే, పట్టుచీర కట్టుకుని, కొత్త ముక్కుపుడక పెట్టుకుని, మెట్ల మీద నిలబడి తీయించుకుంది. పెన్నాగరం మామ గడ్డం అడిగితే ట్రాక్టరు పక్కన నిలబడి నిలువెత్తు ఫోటో పంపాడు. "మామా, గడ్డం కనబడలేదు, ముందర ఆ వెంట్రుకలు తీయించు" అంటే మంగలి షాపుకి పోయి నున్నగా గీయించుకుని వచ్చాడు. గీయించాక చూస్తే ఆయనకి గడ్డమే లేదు, మెడ అక్కడే మొదలవుతోంది. ఆయన పెళ్లాం నాకు ఫోన్ చేసి "నలభై ఏండ్ల తర్వాత నాకు నిజం తెలిసెనే" అని ఒకటే నవ్వు.

అన్నీ కలిపి గీయిస్తే ఒక మొహం వచ్చింది. గ్రూపులో పెట్టాను. హోసూరు పెద్దమ్మ "అచ్చం నేనే!" అని దాన్ని తీసి తన ఫోన్లో తన ఫోటోగా పెట్టేసుకుంది. పిన్నమ్మేమో "ముక్కు సరే, ఆ నుదురు మీ నాయన వైపుది, మాకెందుకు అంటగడతావు" అని దెబ్బలాటకొచ్చింది. నాకూ నవ్వొచ్చింది. తాత ఫోన్ చేసేవరకే.

"చూసినాను పాపా," అన్నాడు. "బాగుండాది. కానీ ఇది మన హోసూరు అమ్మి కదా? పోయిన పండక్కి చూస్తిని." వెనక మేస్త్రీలు ఏదో కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. "పరవాలేదులే. నువ్వు మాత్రం ఏమి చేస్తావు. ఆ మేకుకి క్యాలండరు తగిలించుకుంటాము."

ఆయన నిష్ఠూరంగా అనలేదు. మామూలుగానే అన్నాడు, అదే నాకు గుచ్చుకుంది. ఈ మనిషి ఇన్నేళ్లకి ఒకటి అడిగాడు, అరగంట పని అని నేను మాటిచ్చాను. ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే కోపంగా మారి బయటికొస్తుంది, అది ఎవరో ఒకరి మీద పడాలి. అవ్వ మీద పడ్డాను.

"అవ్వా, నిజం చెప్పు. నీకు మీ అమ్మ మొహం గుర్తుండాదా లేదా? ఊరికే పిన్నమ్మ ముక్కు, మామ గడ్డం అని నన్ను ఆడిస్తాండావా?"

ఎదురు నాలుగు తిడుతుందని చూశాను. తిట్టలేదు. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆ పూట సంగటి ముద్ద సగం కూడా తినలేదు, చెయ్యి కడుక్కుని పోయి గోడ వైపు తిరిగి పడుకుంది. నా నోరు పడిపోను, ఎందుకన్నానా అని నాకు ముద్ద దిగలేదు.

మర్నాడు పొద్దున వాకిట్లో చేట ముందు పెట్టుకుని వేరుశనక్కాయలు వలుస్తోంది. నేను పోయి పక్కన కూర్చుని నేనూ వలవడం మొదలుపెట్టాను. క్షమించు అనే మాట మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. పక్కన కూర్చుని పని అందుకుంటే అదే క్షమాపణ.

చాలాసేపయ్యాక అవ్వే అంది. "గుర్తు లేదే పాపా."

నేను చేయి ఆపాను.

"మొగము గుర్తు లేదు. ఎప్పుడో పోయింది. వాడు చిన్నప్పుడు రోజూ అడుగుతా ఉండె, అక్కా, అమ్మ ఎట్లుండె, అమ్మ ఎట్లుండె అని. తెలీదురా అంటే ఏడుస్తాడు కదా. అందుకని ఆ పొద్దు ఇంటికి ఎవురొస్తే వాళ్లని చూపించి చెప్తా ఉంటిని. ఇదో, ఈయమ్మ మాదిరి ముక్కు. అదో, ఆయమ్మ మాదిరి కండ్లు. వాడు పోయి వాళ్లని అట్లే చూస్తా నిలబడుతుండె. చెప్పి చెప్పి నాకే నిజమైపోయింది. ఇంగ వాడికి ఏమి చెప్పేది?"

డెబ్బై ఏళ్ల పైబడి మోసిన అబద్ధం. అది చెప్పినప్పుడు ఆమెకే పదో పదకొండో ఏళ్లు. తల్లి పోయిన పిల్ల, ఇంకో తల్లి లేని పిల్లాడికి ఊరమ్మలందరి నుంచి తలా కొంచెం తెచ్చి అమ్మని చేసిచ్చింది. నిన్న నేను గ్రూపులో చేసిన పనే అది. ఆ చేట మీదుగా వంగి అవ్వని గట్టిగా పట్టుకున్నాను. "చాల్లే, కాయలు దొర్లతాండాయి" అంది అవ్వ, కానీ విడిపించుకోలేదు.

ఇద్దరం మళ్లీ వలవసాగాం. ఊరికే ఏదో మాట కోసం, ప్రాంప్టూ లేదు గీంప్టూ లేదు అనుకుని అడిగాను. "అవ్వా, మీ అమ్మ అంటే నీకు ఏమి తలపుకొస్తాది? మొగము వద్దు. ఏదో ఒకటి."

"ఈపు," అంది అవ్వ వెంటనే.

"ఈపా?"

"చేనికి పోయేటప్పుడు గట్టు మింద ఒగరెనక ఒగరే పోవాల కదా. అమ్మ ముందర, నేను ఎనక. రోజూ ఈపు చూసుకుంటానే పోతా ఉంటిని. నెత్తిన గంప, గంపలో సంగటి చట్టి. ఎడమ సంకలో వాడు. కుడిచేయి పైకెత్తి గంప పట్టుకోనుండె. మోచేతికాడ పచ్చబొట్టు, తేలు బొమ్మ. చీర మోకాలు దిగినంక కొంచెమే. మడిమలు రెండూ పగిలి, ఆ పగుళ్లల్లో ఎర్రమన్ను. కొప్పు ఒగపక్కకి జారతా ఉంటాది, పూలు గీలు ఏమీ లేవు. కొప్పులో ఒగ పుడక గుచ్చుకోనుండె, ముల్లు దిగితే తీసుకునేదానికి."

నేను నోరు తెరుచుకుని వింటున్నాను. ఇన్ని రోజులు మహాలక్ష్మి, పిన్నమ్మ ముక్కు తప్ప ఏమీ చెప్పని మనిషి.

"తాత ఎట్లుండె?"

"వాడా? వాడు అమ్మ భుజం మింద గడ్డం పెట్టి నన్నే చూస్తా ఉంటాడు. మూతంతా రాగి అంబలి. నేను ఎనకనుంచి కండ్లు మెల్ల పెట్టి, నాలిక బయటపెట్టి ఎక్కిరిస్తాను. వాడు కిలకిలకిల నవ్వతాడు. అమ్మ తిరిగి చూసేది కాదు, గంప పడిపోతాదని. పోతా పోతానే అడిగేది, ఏమి నవ్వతాండావురా అని. వాడికి మాటలేడివి? నేనే చెప్తా ఉంటిని, ఏం లేదులేమ్మా, నువ్వు పో, అని."

చెప్తూ చెప్తూ అవ్వ నవ్వింది. ఎనభై మూడేళ్ల మనిషి నాకు ఆ మెల్లకన్ను పెట్టి చూపించింది కూడా. నేను వేరుశనక్కాయలు అక్కడే వదిలేసి ల్యాప్‌టాప్ కోసం పరుగెత్తాను.

రెండేళ్లుగా అందరికీ పాఠాలు చెప్తున్నానే, ఒక్కటి మాత్రం నేను అడగడమే మరిచిపోయాను. బొమ్మలో ఏముందని అడిగాను గాని, చూసేవాళ్లు ఎక్కడ నిలబడి చూస్తున్నారని అడగలేదు. అవ్వ ఎనిమిదేళ్ల పిల్లగా నిలబడి చూసింది. ఆమె కళ్లు వాళ్లమ్మ నడుము ఎత్తులో ఉన్నాయి. అక్కడి నుంచే బొమ్మ మొదలవ్వాలి.

రాసింది ఇంగ్లీషులో, ఇక్కడ తెలుగులో చెప్తాను. "ఎనిమిదేళ్ల పిల్ల తల ఎత్తి చూస్తే కనిపించే దృశ్యం. నాలుగడుగుల ముందు ఒక ఆడమనిషి వీపు. ఆమె నడుస్తోంది, మొహం కనిపించదు. సన్నటి మట్టి గట్టు, రెండు పక్కలా మోకాలెత్తు రాగి పైరు, అక్కడక్కడా ఎండిన ఆకులు. ఎర్రనేల, రాళ్లు, దూరంగా ఒక బోడి గుట్ట. ఎండ ఎడమ నుంచి, పొద్దున్నే. నెత్తిన వెదురు గంప, కుడిచేత్తో పట్టుకుంది. ఎడమ చంకలో ఏడాది పిల్లాడు, ఆమె భుజం మీదుగా మన వైపు తిరిగి నవ్వుతున్నాడు, మూతికి అంబలి." కొప్పు, పుడక, పచ్చబొట్టు, మడిమలు, అన్నీ రాశాను. అందం అనే మాట ఎక్కడా లేదు.

అది సులభంగా లొంగుతుందా? మొదటిసారి ఆడమనిషి వెనక్కి తిరిగి పళ్లికిలించింది. మనిషి ఉందంటే మొహం చూపించి తీరాలని దానికేం పట్టుదలో. రెండోసారి కొప్పు నిండా మల్లెపూలు. తీసెయ్ అంటే తీసేసి కనకాంబరాలు పెట్టింది. వద్దన్న ప్రతి వస్తువూ ఇంకా ఎక్కువగా పెడుతుంటే, వద్దు అనడం మానేసి ఉన్నదే ఇంకా వివరంగా రాశాను: కొప్పులో ఒక్క పుడక, దుమ్ము పట్టిన జుట్టు. అప్పుడు పూలు పోయాయి. రాగి పైరు అంటే గోధుమ చేను గీసింది. తేలుకి ఎన్ని కాళ్లో లెక్కే లేదు. నాలుగు రోజులు అన్నం మెతుకులు కీబోర్డులో పడేలా కూర్చున్నాను. మా అత్తగారు వచ్చి చూసి, "ఆ పిల్లాడి మూతి తుడవమని చెప్పవే దానికి" అని ఒక సలహా కూడా ఇచ్చింది.

ఐదో రోజు పొద్దున ఒకటి వచ్చింది. అవ్వని పిలిచాను. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, చూసింది. చాలాసేపు చూసింది.

"గంప కొంచెం ఎడమకి వాలాల," అంది. వాల్చాను. "మడిమ ఇంగా పగలాల." పగిలించాను. అవ్వ కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు. "మెల్లగా పోమ్మా," అంది బొమ్మతో. "నాకు అంత బిరబిర నడిచేదానికి చేతకాదు."

నేను అక్కడే కూర్చుని భోరుమన్నాను. సంతోషమే, కానీ భోరుమన్నాను.

గృహప్రవేశం రోజు నేనూ అవ్వా బొమ్మని ఫ్రేము కట్టించుకుని, పాత దుప్పట్లో చుట్టి బస్సెక్కాం. పెన్నాగరం దాకా హొగెనక్కల్ జలపాతానికి పోయే టూరిస్టులతో బస్సు కిక్కిరిసిపోయింది. అవ్వ ఆ ఫ్రేముని ఒళ్లో పెట్టుకుని, పక్కన మోకాలు తగిలించిన ప్రతివాడినీ తమిళంలో కడిగేసింది. నాకు మాత్రం తాత అడిగిందే గుర్తొస్తోంది. ఆయన మొహం అడిగాడు. మేం వీపు పట్టుకుపోతున్నాం.

ఇంట్లో పాలు పొంగించడం, హోమం పొగ, చుట్టాల గోల అన్నీ అయ్యాక అవ్వ తమ్ముణ్ణి చేయి పట్టుకుని హాల్లోకి తీసుకెళ్లి కొత్త కుర్చీలో కూర్చోబెట్టింది. "రేయ్, ముందర ఒగ మాట," అంది. "నేను నీకు చెప్పిందంతా అబద్ధము. అమ్మ మొగము నాకు గుర్తు లేదు. నువ్వు ఏడుస్తావని చెప్పినాను. తిట్టేదుంటే ఇప్పుడే తిట్టు."

తాత అక్క వైపు చూశాడు. "నాకు తెలుసులే అక్కా," అన్నాడు మెల్లగా. "ఒగోసారి ముక్కు మారిపోతా ఉండె కదా."

నేను దుప్పటి విప్పి ఫ్రేముని ఆయన మోకాళ్ల మీద నిలబెట్టాను. తాత చూశాడు. చుట్టూ చేరిన వాళ్లలో హోసూరు పెద్దమ్మ "అయ్యో, ఈపు తిప్పుకున్న పోటో ఇంట్లో ఎవురన్నా పెడతారా?" అంది. ఎవరూ పట్టించుకోలేదు. తాత వేలితో గంపని తాకాడు, పచ్చబొట్టుని తాకాడు, ఆ తర్వాత పిల్లాడి దగ్గర ఆగాడు.

"ఈ బిడ్డ ఎవురు?"

"నువ్వే కదరా."

తాత ఇంకా దగ్గరికి వంగాడు. "నన్ను ఎత్తుకోని ఉండాది," అన్నాడు. మళ్లీ మా అందరివైపు తలెత్తి, మాకెవరికీ తెలియదన్నట్టు చెప్పాడు. "చూడండి. మా అమ్మ నన్ను ఎత్తుకోని ఉండాది."

ఇంకాసేపు అక్కడే నిలబడితే అందరి ముందూ నా పరువు పోయేలా ఉంది. అందుకని ఆ ఫ్రేముని తీసుకుని, స్టూలెక్కి, గోడ వైపు తిరిగాను. నాయన ఫోటో పక్కన రెండో మేకు ఖాళీగా ఉంది. ఫ్రేము బరువుగా ఉంది, దారం మేకుకి పడటం లేదు. రెండు చేతులూ పైకెత్తి సరిచేస్తున్నాను.

వెనక తాత నవ్వడం వినిపించింది. చిన్న నవ్వు కాదు, కిలకిలమని, పొట్టలోంచి. తిరిగి చూస్తే ఫ్రేము చేజారుతుంది.

"ఏమి తాతా నవ్వతాండావు?" అన్నాను, అటు తిరిగే.

నవ్వు టక్కున ఆగిపోయింది. నేనేమన్నానో అప్పుడు నాకు తట్టి, పైకెత్తిన చేతులు అలాగే ఉండిపోయాయి.

"ఏం లేదులేమ్మా," అంది వెనక నుంచి అవ్వ. "నువ్వు పో."